రుణాత్మక పునర్బలనం, శిక్ష ఎక్కడ విడిపోతాయి? ఇంకో మూడు తికమకలు కూడా

ప్రశ్న: తెల్లకాగితం

అభ్యసన సిద్ధాంతాల్లో నిర్వచనాలన్నీ నోటికి వచ్చేశాయి. కానీ ఒక సందర్భం ఇచ్చి "ఇది దేనికి ఉదాహరణ?" అని అడిగితే సగానికి సగం తప్పుతున్నాయి. ఎక్కడెక్కడ తట్టుకుంటున్నానో విడివిడిగా రాస్తున్నాను.

ఒకటి. రుణాత్మక పునర్బలనంలోనూ శిక్షలోనూ ఏదో ఒక చేదు అనుభవం ఉంటుంది. మరి రెండు పేర్లు ఎందుకు?

రెండు. పట్టించుకోకపోతే ప్రవర్తన తగ్గిపోతుందని విరమణ పాఠంలో ఉంది. పట్టించుకోకపోతే మొదట అల్లరి పెరుగుతుందని రెండు పేజీల తర్వాత ఉంది. ఏది నమ్మాలి?

మూడు. పావ్‌లోవ్ కుక్క తప్ప శాస్త్రీయ నిబంధనకు మనుషుల్లో ఉదాహరణ అడిగితే నోరు పెగలదు. దానికీ స్కిన్నర్ కార్యసాధక నిబంధనకూ గీత ఎక్కడ గీయాలి?

నాలుగు. ఒక పాఠం మళ్లీ ఎన్ని రోజుల ఎడంతో చదవాలి? "తరచూ పునశ్చరణ చేయండి" అని కాకుండా అంకెలతో చెప్పగలిగిన సమాధానం ఉందా?

జవాబు 1: మీటనొక్కు

మొదటి రెండూ నేను తీసుకుంటాను.

ధనాత్మక, రుణాత్మక అన్నవి లెక్కల్లో ప్లస్, మైనస్ లాంటివే. ఏదైనా వచ్చి చేరితే ప్లస్, ఉన్నది పోతే మైనస్. మంచిచెడ్డలతో వాటికి పని లేదు. ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అన్నది పునర్బలనం, శిక్ష అనే మాటలు చెబుతాయి. ఈ రెండు సంగతులనూ ఒకేసారి తేల్చబోతేనే చిక్కు. సందర్భం చేతికి రాగానే ఈ వరుసలో వెళ్లండి:

1. ఎవరి ప్రవర్తన, ఏ పని? ఒక మనిషి, ఒక క్రియ రాసుకోండి. "పిల్లాడి మొండితనం" అంటే లెక్కపెట్టలేం. "పిల్లాడు నేలమీద పడి ఏడవడం" అంటే లెక్కపెట్టగలం.
2. ఆ పని ఆ తర్వాత పెరిగిందా, తగ్గిందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష.
3. ఆ పని జరిగిన వెంటనే ఏదైనా వచ్చి చేరిందా, ఉన్నదేదైనా పోయిందా?

రెండో మెట్టు తేలకుండా మూడోదానికి పోవద్దు. చాలామంది నేరుగా మూడోదానికి దూకి, "ఇందులో చేదు ఉంది కాబట్టి శిక్ష" అని రాసేస్తారు.

కారు స్టార్ట్ చేయగానే బెల్టు పెట్టుకోమని కీచుమంటూ మోత. బెల్టు బిగించగానే మోత ఆగింది. రోజులు గడిచేకొద్దీ బెల్టు పెట్టుకోవడం పెరిగింది. పెరిగింది కాబట్టి పునర్బలనం, మోత పోయింది కాబట్టి రుణాత్మకం. తలనొప్పికి మాత్ర వేసుకోవడమూ ఇదే. కష్టమైన పాఠం తెరవగానే గుండె దడదడలాడి, పుస్తకం మూయగానే దడ తగ్గడమూ ఇదే. ఇక్కడ బలపడుతున్నది పుస్తకం మూయడం. వాయిదా వేసే అలవాటు చాలామటుకు ఇలాగే ముదురుతుంది. దాన్ని సోమరితనం అంటే వివరణ అయిపోదు, పేరు పెట్టినట్టు మాత్రమే అవుతుంది.

ఒకే ఘటనలో ఇద్దరు ఉంటే ఇద్దరికీ వేరువేరుగా లెక్క కట్టాలి. పిల్లాడు ఫోను అడిగాడు. అమ్మ వద్దంది. ఏడుపు మొదలు. నాలుగు నిమిషాలకు గొంతు పెద్దదైంది, అమ్మ ఫోను ఇచ్చేసింది. టక్కున ఏడుపు ఆగింది. పిల్లాడి వైపు నుంచి చూస్తే ఏడవగానే ఫోను వచ్చింది, ఇకమీద ఏడవడం పెరుగుతుంది: ధనాత్మక పునర్బలనం. అమ్మ వైపు నుంచి చూస్తే ఫోను ఇవ్వగానే ఏడుపు పోయింది, ఇకమీద ఇచ్చేయడం పెరుగుతుంది: రుణాత్మక పునర్బలనం. ఒకరికొకరు తెలియకుండానే శిక్షణ ఇచ్చుకుంటున్నారన్నమాట. కుటుంబాల్లో ఈ వలయాన్ని జెరాల్డ్ పాటర్సన్ ఏళ్ల తరబడి పరిశీలించి వివరించారు.

ఇంకో బోను. "టీచరు తిట్టారు, కాబట్టి శిక్ష" అని రాయకండి. తిట్టకముందు పీరియడ్‌కు మూడుసార్లు మధ్యలో మాట్లాడే పిల్లవాడు, అందరి ముందూ తిట్టడం మొదలయ్యాక ఏడుసార్లు మాట్లాడుతుంటే, ఆ తిట్టు పునర్బలనమే. తిట్టినాయన ఉద్దేశం ఏదైనా సరే. తరగతి మొత్తం తనవైపు తిరగడం ఆ పిల్లవాడికి దక్కిన ఫలం.

ఇక విరమణ, అంటే ఇంతకాలం వచ్చిన ఫలం రావడం ఆగిపోతే ఆ పని క్రమంగా తగ్గిపోవడం. మీ పుస్తకంలోని రెండు మాటలూ నిజమే, ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. లిఫ్టు బటన్ నొక్కితే దీపం వెలగలేదనుకోండి. వెంటనే వదిలేసి మెట్లెక్కరు. మళ్లీ నొక్కుతారు, గట్టిగా నొక్కుతారు, గబగబా నాలుగుసార్లు నొక్కుతారు. ఆ తర్వాతే వదులుతారు. ఆ మధ్యలో వచ్చిన పొంగే విరమణ ఉద్ధృతి. అన్నిసార్లూ రాదు గానీ వచ్చినప్పుడు ఇలాగే వస్తుంది. ఎక్కువమంది ఓడిపోయేదీ ఇక్కడే. మూడు రోజులు పట్టించుకోకుండా ఉండి, నాలుగోరోజు అరుపు తారస్థాయికి చేరినప్పుడు లొంగితే, నేర్పినట్టయ్యేది "మామూలు ఏడుపు చాలదు, ఇంత గట్టిగా ఏడవాలి" అని.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఒకసారి లొంగి, ఐదుసార్లు బిగబట్టి, మళ్లీ ఒకసారి లొంగితే అది చర నిష్పత్తి నియమావళి అయి కూర్చుంటుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో ప్రచురించిన పావురాల ప్రయోగాల నుంచీ తెలిసిన సంగతే ఇది: ఎన్నోసారికి ఫలితం వస్తుందో తెలియనప్పుడు ప్రవర్తన వేగంగానూ విడవకుండానూ సాగుతుంది. ప్రతిసారీ ఇచ్చి ఒక్కసారిగా ఆపితే తొందరగా ఆగిపోతుంది, అప్పుడప్పుడూ ఇచ్చినదాన్ని ఆపితే మాత్రం ఎంతకీ ఆగదు. జూదం యంత్రం నడిచేది దీనిమీదే. ఫలితం ఎప్పుడు రావాలో చెప్పే ఇలాంటి నియమావళులు నాలుగు, మిగతా మూడింటినీ చప్పున చెప్పేస్తాను. స్థిర నిష్పత్తి: ఇన్ని వస్తువులు చేస్తే ఇంత కూలీ, ప్రతి బహుమతి తర్వాత కాస్త విరామం కనిపిస్తుంది. స్థిర కాలవ్యవధి: ఫలితం నిర్ణీత గడువుకే వస్తుంది, గడువు దగ్గరపడేకొద్దీ పని ఊపందుకుంటుంది. చర కాలవ్యవధి: ఎప్పుడొస్తుందో తెలియని సందేశం కోసం మధ్యమధ్యలో చూసుకోవడం; మందంగా, కానీ నిలకడగా సాగుతుంది.

పట్టించుకోకపోవడం మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా తేల్చుకోవాల్సింది, ఆ ప్రవర్తనను నిలబెడుతున్నది ఏమిటన్నది. శ్రద్ధ కోసం అల్లరి చేస్తుంటే పట్టించుకోకపోవడం విరమణ అవుతుంది. హోంవర్కు తప్పించుకోవడానికి చేస్తుంటే, పట్టించుకోకుండా వదిలేయడం అంటే కోరుకున్నది చేతిలో పెట్టడమే. అందుకని ఒక ఐదు రోజులు ఏమీ మార్చకుండా మూడు గళ్ల పట్టిక రాయండి: అంతకుముందు ఏం జరిగింది, ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. మూడో గడిలో ఏది పదేపదే కనిపిస్తే అదే ముడి. తర్వాత అదే ఫలాన్ని మంచి పద్ధతిలో అడిగినప్పుడు ఇవ్వండి: "నాతో ఆడు" అని మాటలతో అడిగితే వెంటనే, అరిస్తే అసలు లేదు. ఈ రెండో సగం లేకుండా ఉత్త విరమణ చేస్తే పిల్లాడు వేరే అల్లరి వెతుక్కుంటాడు. తగ్గిపోయిన కొన్నాళ్లకు మళ్లీ తలెత్తినా కంగారు పడొద్దు, దాన్నే అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. మొదటిసారంత బలం ఉండదు. తనను తాను కొట్టుకోవడం, గాయపరచుకోవడం లాంటివైతే సొంతంగా ఈ పద్ధతి మొదలుపెట్టకండి. ఆ పొంగులో దెబ్బ తగులుతుంది. నిపుణుల పర్యవేక్షణ ఉండాలి.

జవాబు 2: రెండోచూపు

మూడో ప్రశ్నకు.

"ఐచ్ఛికమైతే స్కిన్నర్, అనైచ్ఛికమైతే పావ్‌లోవ్" అనే గీత మోటుగా పనిచేస్తుంది గానీ ఇరుకు సందర్భాల్లో దెబ్బతింటుంది. నేనైతే ఈ ప్రశ్న వేసుకోమంటాను: ఆ ప్రాణి ఏమీ చేయకుండా ఊరికే ఉన్నా ఆ తిండో, నొప్పో వచ్చేదేనా? వచ్చేదైతే శాస్త్రీయ నిబంధన. అది ఏదో చేస్తేనే వచ్చేదైతే కార్యసాధక నిబంధన. పావ్‌లోవ్ ప్రయోగంలో గంట మోగాక, కుక్క చొంగ కార్చినా కార్చకపోయినా మాంసం పొడి వచ్చేది. స్కిన్నర్ పెట్టెలో ఎలుక మీట నొక్కకపోతే గింజ వచ్చేది కాదు.

మాటవరసకి, పావ్‌లోవ్ గంట ఒక్కటే వాడలేదు. మెట్రోనోమ్, బజర్, దీపాలు కూడా వాడారు. 1904లో ఆయనకు నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. తిండి రాకముందే చొంగ కారడం ఆ పనిలోనే తారసపడింది.

మనుషుల్లో ఉదాహరణలు కావాలంటే: దంతవైద్యుడి డ్రిల్ మోత వినగానే దవడ బిగుసుకోవడం. కీమోథెరపీ తీసుకుంటున్న కొందరికి మందు ఎక్కించకముందే, వార్డు వాసనకే వికారం రావడం. 1920లో వాట్సన్, రేనర్ పదకొండు నెలల పసివాడి మీద చేసిన ప్రయోగం మీ పుస్తకంలో ఉండే ఉంటుంది: తెల్ల ఎలుకను చూపించి, వాడు తాకబోయేసరికి వెనకాల ఉక్కు కడ్డీని సుత్తితో కొట్టారు. కొన్ని జతలకే ఎలుకను చూస్తేనే ఏడుపు, తర్వాత కుందేలును చూసినా ఏడుపు. అది సామాన్యీకరణం. ఆ భయాన్ని పోగొట్టకముందే పిల్లవాణ్ణి ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిపోయారు. నేటి నైతిక నియమాల ప్రకారం అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకదు.

ఉదాహరణలో భాగాలు గుర్తించేటప్పుడు ఎక్కువ తప్పులు "నిబంధిత ప్రతిస్పందన" దగ్గర జరుగుతాయి. డ్రిల్ ఉదాహరణే తీసుకుందాం. పంటి నొప్పి నిర్నిబంధిత ఉద్దీపన (నేర్చుకోకుండానే ప్రతిస్పందన రప్పించేది), దానికి బిగుసుకోవడం నిర్నిబంధిత ప్రతిస్పందన. డ్రిల్ మోత మొదట తటస్థం, జతపడ్డాక నిబంధిత (నేర్చుకున్న) ఉద్దీపన. మోతకే బిగుసుకోవడం నిబంధిత ప్రతిస్పందన. పైకి రెండు బిగుసుకోవడాలూ ఒకటిలాగే ఉంటాయి, పేరు మారేది ఏ ఉద్దీపనకు వచ్చిందన్నదాన్ని బట్టి.

జతలు ఎన్నిసార్లు పడితే అంత నేర్చుకుంటారు అనుకోవద్దు. 1968లో రెస్కోర్లా చూపించింది ఇదే. శబ్దంతో పాటు షాక్ ఎన్నిసార్లు జతపడిందో అన్నిసార్లూ ఉంచి, శబ్దం లేనప్పుడు కూడా అంతే తరచుగా షాకులు ఇస్తే ఎలుకలు శబ్దానికి భయపడవు. శబ్దం కొత్త సమాచారం ఏమీ చెప్పడం లేదు కదా. వరుస కూడా ముఖ్యం: సూచన ముందు, ఫలితం వెనక. కనురెప్ప ప్రయోగాల్లో (సూచన తర్వాత కంటికి గాలి ఊది, సూచనకే రెప్ప వాల్చడం నేర్పేవి) మధ్య ఎడం సుమారు అర సెకను ఉంటే బాగా కుదురుతుంది. ఫలితం ముందు వచ్చి సూచన తర్వాత వస్తే దాదాపు కుదరదు.

వీటన్నిటికీ ఎదురు తిరిగేది రుచి వైముఖ్యం. తిన్న కొన్ని గంటలకు కడుపులో తిప్పినా, ఒక్కసారికే ఆ రుచి మీద అసహ్యం పుట్టేస్తుంది. 1966లో గార్సియా, కోలింగ్ ఎలుకలకు తీపి నీళ్లను వెలుగు, చప్పుడుతో కలిపి ఇచ్చారు. తర్వాత జబ్బు చేసినవి రుచిని వదిలేశాయి, షాక్ తిన్నవి వెలుగునూ చప్పుడునూ వదిలేశాయి. దేన్ని దేనితోనైనా జతచేయొచ్చు అన్న పాత నమ్మకానికి పెద్ద గండి అదే.

నిజ జీవితంలో రెండూ పెనవేసుకుని ఉంటాయి, మీకు తికమక పెడుతున్నది కూడా ఇదే అయి ఉంటుంది. కుక్క కరిచాక కుక్కను చూస్తే భయం: శాస్త్రీయ నిబంధన. కుక్క కనబడగానే పక్క వీధిలోకి తిరిగితే భయం తగ్గడం, దాంతో తిరగడం బలపడటం: రుణాత్మక పునర్బలనం. మొదటిది భయాన్ని పుట్టిస్తుంది, రెండోది కాపాడుతుంది. మౌరర్ రెండు దశల సిద్ధాంతం సారాంశం ఇదే. కరవని కుక్కను ఎదుర్కొనే అవకాశం తప్పించుకునేవాడికి రాదు, కాబట్టి భయం వదిలే విరమణ మొదలే కాదు.

చికిత్సలో భయం కలిగించేదాని ఎదుట మెట్టు మెట్టుగా నిలబెట్టేది ఇందుకే. అక్కడా ఒక తిరకాసు ఉంది. విరమణ పాత జ్ఞాపకాన్ని చెరిపేయదు, దాని మీద కొత్తది నేర్పుతుంది. ఆ కొత్తది నేర్చుకున్న చోటుకు అతుక్కుపోతుంది. మార్క్ బౌటన్ ప్రయోగాల్లో విరమణ జరిగిన గది మార్చగానే పాత ప్రతిస్పందన తిరిగొచ్చింది. అందుకే ఒకే గదిలో, ఒకే కుక్కతో పది సెషన్లు చేసేకంటే వేరువేరు చోట్ల, వేరువేరు కుక్కలతో చేయడం మేలు.

జవాబు 3: ఎడమెడంగా

నాలుగోదానికి అంకెలున్నాయి.

ముందు ఎబ్బింగ్‌హాస్ మరపు వక్రరేఖను సరిగ్గా చదవాలి. 1885లో ఆయన ప్రచురించిన అంకెలు: 20 నిమిషాల తర్వాత సుమారు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, 31 రోజులకు 21. ఇవి "గుర్తున్న శాతం" కావు. పొదుపు పద్ధతితో కొలిచినవి. అర్థంలేని అక్షరాల జాబితా మొదటిసారి కంఠతా పట్టడానికి 1000 సెకన్లు పట్టి, మర్నాడు మళ్లీ పట్టడానికి 660 సెకన్లు పడితే 340 సెకన్లు పొదుపు, అంటే 34 శాతం. ఒక్క ముక్క కూడా పైకి చెప్పలేని స్థితిలో కూడా పొదుపు ఉండొచ్చు. "రోజు తిరిగేసరికి మూడింట రెండొంతులు మర్చిపోతాం" అని పోస్టర్లు వేసేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. పైగా అవి అర్థంలేని అక్షరాలు, పాఠ్యాంశం కాదు.

ఎడం ఎంత అన్నదానికి మంచి జవాబు 2008లో సెపెడా బృందం ఇచ్చింది, 1350 మందికి పైగా మనుషులతో. ఎప్పటికి గుర్తుండాలో దాన్ని బట్టి ఎడం మారుతుంది. వారం తర్వాత పరీక్షైతే ఎడం ఆ గడువులో 20 నుంచి 40 శాతం, అంటే ఒకటిన్నర నుంచి మూడు రోజుల లోపు. ఏడాది తర్వాతకైతే 5 నుంచి 10 శాతం, అంటే మూడు నుంచి ఐదు వారాలు. గడువు పెరిగేకొద్దీ రోజులు పెరుగుతాయి, శాతం తగ్గుతుంది. అటూ ఇటూ తేడా వస్తే ఎడం మరీ తక్కువ అవడం కంటే కాస్త ఎక్కువ అవడమే నయం.

ఆ ఎడం తర్వాత ఏం చేస్తారన్నది ఇంకా ముఖ్యం. రోడిగర్, కార్పికి 2006లో రెండు గుంపులకు ఒకే వ్యాసం ఇచ్చారు. ఒక గుంపు రెండుసార్లు చదివింది. రెండోది ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం తర్వాత తిరగబడింది: చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. మళ్లీ చదువుతుంటే వాక్యాలు సాఫీగా సాగిపోతాయి, ఆ సాఫీతనాన్ని "వచ్చేసింది" అని పొరబడతాం. గుర్తింపు (చూసి గుర్తుపట్టడం) వేరు, పునఃస్మరణ (చూడకుండా గుర్తుతెచ్చుకోవడం) వేరు.

పద్ధతి ఇలా:

20–25 నిమిషాలు చదవండి. పుస్తకం మూసి కనీసం ఐదు నిమిషాలు వేరే పని చేయండి, లేకపోతే ఇంకా చెవిలో మోగుతున్నదాన్నే రాస్తారు. తెల్లకాగితం మీద (మీ పేరే కలిసొచ్చింది) పది నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. రానిచోట గీత గీసి ఖాళీ వదలండి, పేజీ తిప్పొద్దు. అయ్యాక పుస్తకం తెరిచి వేరే రంగు సిరాతో దిద్దండి. తర్వాతి విడతలో ఆ రంగు ఉన్న భాగాలతోనే మొదలుపెట్టండి. సగం కంటే తక్కువ వస్తే ఎడం సగానికి తగ్గించండి, దాదాపు అంతా వస్తే రెట్టింపు చేయండి.

చెడేది ఎక్కడంటే: మూడు సెకన్లకే వెనక్కి తిప్పి జవాబు చూసేయడం, "ఆఁ, ఇదే అనుకున్నా" అనుకోవడం. కనీసం పది సెకన్లు పెనుగులాడాలి. దిద్దుకోకుండా వదిలేయడం ఇంకో తప్పు, తప్పు జవాబే ముద్రపడిపోతుంది.

మీ అసలు జబ్బుకు మాత్రం మందు వేరు. నిర్వచనాలు వస్తున్నాయి, వర్గీకరణ తప్పుతోంది అన్నారు. పునర్బలనం పాఠం కింద పునర్బలనం ఉదాహరణలే చదివితే, "ఇది ఏది?" అని తేల్చే పని ఎప్పుడూ చేయనట్టే. జవాబు ఆ పాఠం శీర్షికలోనే ఉంది మరి. రోరర్, టేలర్ 2007లో ఘనపరిమాణం లెక్కలతో చూశారు. ఒక్కో రకం లెక్కలన్నీ వరసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం, కలగలిపి చేసినవాళ్లు 60 శాతం సరిగ్గా చేశారు. వారం తర్వాత పరీక్షలో వరసవాళ్లకు 20, కలగలుపువాళ్లకు 63. కాబట్టి 24 కార్డులు చేసుకోండి: నాలుగు కార్యసాధక రకాలు (ధనాత్మక, రుణాత్మక పునర్బలనాలు; ధనాత్మక, రుణాత్మక శిక్షలు), శాస్త్రీయ నిబంధన, విరమణ, ఒక్కోదానికి నాలుగు సందర్భాలు. ముందువైపు సందర్భం మాత్రమే, వెనకవైపు పేరు, పక్కనే ఎందుకో ఒక వాక్యం. ప్రతిసారీ కలపండి. మొదటి రెండు రోజులు మార్కులు దారుణంగా వస్తాయి. అలా రావాల్సిందే.

మీరు అడగలేదు గానీ, "నేను దృశ్య అభ్యాసకుణ్ణా, శ్రవణ అభ్యాసకుణ్ణా" అనే పరీక్షల మీద సమయం పెట్టకండి. 2008లో పాష్‌లర్ బృందం ఆధారాలన్నీ జల్లెడపట్టి, శైలికి తగ్గట్టు బోధిస్తే ఫలితం పెరుగుతుందనడానికి సరైన రుజువు లేదని తేల్చింది.

జవాబు 4: నిదానం

పైవాళ్లు చెప్పినదానికి రెండు చేర్పులు.

శిక్ష గురించి మీటనొక్కు గారు త్వరగా దాటేశారు. శిక్ష పనిచేయాలంటే వెంటనే రావాలి, ప్రతిసారీ రావాలి. సాయంత్రం నాన్న వచ్చాక వేసే శిక్ష ఉదయం చేసిన పనికి కాకుండా నాన్న రాకకు జతపడుతుంది. పైగా శిక్ష ఏం చేయకూడదో చెబుతుంది తప్ప ఏం చేయాలో చెప్పదు. శిక్షించే మనిషి లేనిచోట ప్రవర్తన తిరిగొస్తుంది. బండూరా 1965 ప్రయోగం ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. బొమ్మను కొట్టిన పెద్దమనిషికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. "అతనేం చేశాడో చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం" అనగానే మిగతా గుంపులతో సమానంగా చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం అందరిలోనూ జరిగింది, ఆగింది ప్రదర్శన మాత్రమే. అభ్యసనం, నిష్పాదన (నేర్చుకున్నది చేసి చూపడం) వేరని మీ పుస్తకంలో ఉన్న వాక్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండోది బహుమతుల గురించి. పునర్బలనం అంటే ప్రతిదానికీ బహుమతి అనుకోకూడదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్నే ఎంచుకున్నారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన గుంపు, కొన్నాళ్లకు స్వేచ్ఛగా ఆడుకునే వేళలో మిగతావాళ్లలో సగం సమయమే గీసింది. చెప్పకుండా హఠాత్తుగా సర్టిఫికెట్ అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. అప్పటికే ఇష్టంగా చేస్తున్న పనికి ముందే బేరం పెట్టొద్దు. అసలు మొదలే కాని పనికి బహుమతి పెట్టడంలో ఆ ప్రమాదం లేదు, తగ్గిపోవడానికి అక్కడ ఇష్టమే లేదు కదా.

అలవాటుకు 21 రోజులు అనే అంకె కూడా ఎవరో ఒకరు ఇక్కడ రాస్తారు కాబట్టి ముందే చెబుతున్నా. అది ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో, రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం ఇంత పడుతుందని రాసినదాని నుంచి వచ్చింది. లాలీ బృందం 2010లో 96 మందిని 12 వారాలు గమనించింది. పని ఆలోచించకుండానే జరిగే స్థితికి చేరడానికి మధ్యగతం 66 రోజులు, అత్యల్పం 18, అత్యధికం 254. ఆ 254 మాత్రం 12 వారాల గడువు దాటి రేఖను పొడిగించి వేసిన అంచనా. ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనిపించలేదు. రోజుల్ని లెక్కపెట్టేకంటే సూచనను బిగించండి: "రాత్రి పళ్లు తోముకోగానే ఆరు కార్డులు తిప్పుతాను." మనస్తత్వవేత్త గోల్‌విట్జర్ చెప్పిన "ఇది జరిగితే అది చేస్తాను" సూత్రం ఇదే.

తెల్లకాగితం

అందరికీ ధన్యవాదాలండీ. మూడు మెట్ల పద్ధతితో నాలుగు సందర్భాలు ప్రయత్నించాను, దిద్దండి.

అ) "ఈ రోజు తరగతి పనంతా పూర్తిచేసినవాళ్లకు హోంవర్కు లేదు" అన్నాక పూర్తిచేసేవాళ్లు పెరిగారు: రుణాత్మక పునర్బలనం.
ఆ) ఫోను మోగగానే గుండె ఝల్లుమనడం: శాస్త్రీయ నిబంధన.
ఇ) సందేశం వచ్చిందేమోనని మాటిమాటికీ ఫోను తెరవడం: స్థిర కాలవ్యవధి పునర్బలనం.
ఈ) లెక్కల పీరియడ్‌లో గోల చేసినందుకు పిల్లవాణ్ణి తరగతి బయట నిలబెట్టారు: రుణాత్మక శిక్ష, ఎందుకంటే తరగతిలో ఉండే అవకాశం పోయింది.

మీటనొక్కు

అ, ఆ సరైనవే.

ఇ) సందేశాలు ఫలానా నిమిషాలకొకసారి అని గడియారం కొట్టినట్టు రావు, కాబట్టి చర కాలవ్యవధి. స్థిర కాలవ్యవధి అయితే గడువు దగ్గరపడే దాకా ఫోను జోలికే పోరు. దీన్ని చర నిష్పత్తి అని రాసేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే: ఎక్కువసార్లు తెరిచినంత మాత్రాన సందేశాలు ఎక్కువ రావు. కిందికి జరుపుతూ పోయి ఆసక్తికరమైన పోస్టు కోసం వెతకడం మాత్రం చర నిష్పత్తికి దగ్గర, అక్కడ ఎంత జరిపితే అంత దొరుకుతుంది.

ఈ) దీనికి జవాబు ఆ వాక్యంలో లేదు. రెండో మెట్టు వదిలేసి మళ్లీ మూడోదానికి దూకారు. బయట నిలబెట్టాక గోల తగ్గిందా పెరిగిందా అన్నది ఎక్కడా రాయలేదు. తగ్గితే మీరు రాసింది సరైనది. ఆ పిల్లవాడికి లెక్కలంటే గుండెదడైతే, బయటికి పంపడంతో దడ పోయింది, రేపటి నుంచి పీరియడ్ మొదలైన ఐదో నిమిషానికే గోల మొదలవుతుంది. అప్పుడిది రుణాత్మక పునర్బలనం. పరీక్షలో ఇలాంటి సందర్భం వస్తే చివరి వాక్యం కోసం చూడండి, "దాంతో గోల తగ్గింది" లాంటిది ఉంటుంది. బడిలోనైతే ఆ వాక్యం ఎవరూ రాసిపెట్టరు. పంపకముందు ఐదు రోజులు, పంపడం మొదలయ్యాక ఐదు రోజులు పీరియడ్‌కు ఎన్నిసార్లో గీతలు పెట్టుకోవాలి. గోల మొదలయ్యే నిమిషం కూడా పక్కన రాసుకుంటే ఇంకా మంచిది, తప్పించుకోవడానికే చేస్తుంటే ఆ అంకె రోజురోజుకీ తగ్గుతూ వస్తుంది.